ఎర్ర రక్తకణంలోని పీహెచ్: ప్రయోగశాలలో కొలిచే పద్ధతులు, వాటి పరిమితులు

ఉపోద్ఘాతం

రక్తం పీహెచ్ 7.4 అని పాఠ్యపుస్తకాలలో కనిపించే వాక్యం వాస్తవానికి రక్తంలో సగానికి కొంచెం ఎక్కువ భాగానికే వర్తిస్తుంది. రక్త నమూనాలో గాజు ఎలక్ట్రోడ్‌ను ఉంచినప్పుడు దాని కొనను తాకేది రక్తరసమే. ఎర్ర రక్తకణాల లోపలి ద్రవం కణత్వచం వెనుక ఉండిపోతుంది కనుక యంత్రం చూపే అంకె రక్తరసానిదే అవుతుంది. కణం లోపలి పీహెచ్ 37 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 7.2 ఉంటుంది. ఈ 0.2 తేడా చిన్నదిగా కనిపించినా, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే, విడిచిపెట్టే తీరును, గ్లూకోజ్ విచ్ఛిన్నంలోని ఎంజైముల వేగాన్ని, కణం నీటిని నిలుపుకొనే శక్తిని ప్రభావితం చేసేది కణాంతర పీహెచ్ మాత్రమే. రక్తరసం పీహెచ్ వీటిపై నేరుగా పనిచేయదు.

కంటికి కనిపించని ఈ లోపలి విలువను రాబట్టడానికి గత శతాబ్దంలో అనేక పద్ధతులు రూపొందాయి. కణాలను పగలగొట్టి కొలవడం, బలహీన ఆమ్లం పంపిణీని బట్టి లెక్కించడం, ఫాస్ఫరస్ కేంద్రకాల అనునాదాన్ని గమనించడం, ప్రతిదీప్తినిచ్చే రంజకాలను వాడడం వాటిలో ప్రధానమైనవి. వీటి సూత్రాలను, ప్రతి పద్ధతిలో దోషం ప్రవేశించే చోటును ఈ వ్యాసం వివరిస్తుంది. ఉష్ణోగ్రత, ఆక్సిజన్ సంతృప్తత, కార్బన్ డై ఆక్సైడ్ పీడనం, బయటి ద్రవం పీహెచ్ పేర్కొనకుండా ఇచ్చిన కణాంతర పీహెచ్ విలువను మరొక అధ్యయనంతో పోల్చలేమని నిరూపించడం దీని ప్రధానోద్దేశం.

ఆమ్లత్వం అన్న మాటకు ఇక్కడ అర్థం

డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. ఇది లాగరిథమ్ కొలమానం కనుక చిన్న అంకెల తేడా వెనుక పెద్ద నిష్పత్తి దాగి ఉంటుంది. పీహెచ్ 7.4 వద్ద లీటరు ద్రవంలో సుమారు 40 నానోమోల్‌ల హైడ్రోజన్ అయాన్లు ఉంటే, 7.2 వద్ద సుమారు 63 నానోమోల్‌లు ఉంటాయి. అంటే కణం లోపల వీటి గాఢత రక్తరసంలో కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది.

అయినంతమాత్రాన కణాంతర ద్రవాన్ని ఆమ్లద్రవం అనడం సరికాదు. 25 డిగ్రీల వద్ద శుద్ధజలం తటస్థ బిందువు 7.0 కాగా, 37 డిగ్రీల వద్ద అది సుమారు 6.8కు దిగుతుంది. ఆ లెక్కన 7.2 స్వల్ప క్షారస్థితే. ఎర్ర రక్తకణాల ‘ఆమ్లత్వం’ అన్నప్పుడు రక్తరసంతో పోల్చిన సాపేక్ష ఆమ్లత్వం అని గ్రహించాలి.

ఒక కణాన్ని విడిగా తీసుకుంటే పరిమాణాల విషయం మరింత స్పష్టమవుతుంది. సగటు ఎర్ర రక్తకణం ఘనపరిమాణం 90 ఫెమ్టోలీటర్లు. అందులో సుమారు 70 శాతం నీరు. ఆ నీటిలో పీహెచ్ 7.2 వద్ద స్వేచ్ఛగా ఉండే హైడ్రోజన్ అయాన్లు లెక్కకు సుమారు 2,400 మాత్రమే. అదే కణంలో హీమోగ్లోబిన్ అణువులు సుమారు 27 కోట్లు. ఒక్కొక్క హీమోగ్లోబిన్ అణువు అనేక హిస్టిడిన్ అవశేషాల ద్వారా హైడ్రోజన్ అయాన్లను స్వీకరించగలదు, విడువగలదు. కాబట్టి కణంలోని పీహెచ్‌ను నిలిపి ఉంచేది హీమోగ్లోబిన్ బఫర్. స్థూలంగా చెప్పాలంటే లీటరు కణాలలో పీహెచ్ ఒక యూనిట్ తగ్గడానికి సుమారు 50 మిల్లీమోల్‌ల ఆమ్లం కావాలి. ఈ అంకె తరువాతి లెక్కలన్నిటికీ ఆధారం.

లోపలికీ బయటికీ తేడా ఎందుకు?

పొరను దాటలేని ఆవేశిత అణువులు ఒకవైపు ఉంటే, దాటగల అయాన్లు రెండు వైపులా అసమానంగా సర్దుకుంటాయని 1911లో ఫ్రెడరిక్ డోనాన్ చూపాడు. ఎర్ర రక్తకణంలో దాటలేని అణువులు హీమోగ్లోబిన్, 2,3-డైఫాస్ఫోగ్లిసరేట్ వంటివి. సాధారణ పీహెచ్ వద్ద ఇవి ఋణావేశాన్ని కలిగి ఉంటాయి కనుక క్లోరైడ్, బైకార్బొనేట్ అయాన్లు లోపల తక్కువగా, బయట ఎక్కువగా ఉంటాయి. హైడ్రోజన్ అయాన్లది ఇందుకు విలోమ నిష్పత్తి. ఈ సూత్రాన్ని రక్తానికి పరిమాణాత్మకంగా వర్తింపజేసిన ఘనత వాన్ స్లైక్, వు, మెక్లీన్ 1923లో ప్రచురించిన అధ్యయనానిది.

క్లోరైడ్, బైకార్బొనేట్‌ల వినిమయాన్ని జరిపేది బ్యాండ్ 3 అనే త్వచ ప్రోటీన్. ఒక కణంలో దీని ప్రతులు సుమారు 10 లక్షలు. దీనివల్ల శరీర ఉష్ణోగ్రత వద్ద ఈ అయాన్ల మార్పిడి సెకనులో చిన్న భాగంలోనే పూర్తవుతుంది. హైడ్రోజన్ అయాన్లు నేరుగా పొరను దాటకపోయినా, కార్బన్ డై ఆక్సైడ్ లోపలికీ బయటికీ వ్యాపించడం, బైకార్బొనేట్ క్లోరైడ్‌తో మారడం అనే రెండు క్రియల కలయికతో అవి దాటినంత పని జరుగుతుంది. దీనినే జేకబ్స్–స్టీవర్ట్ చక్రం అంటారు. సమతాస్థితిలో ఈ సంబంధం ఇలా ఉంటుంది:

కణాంతర పీహెచ్ = బయటి పీహెచ్ + లాగ్ (లోపలి క్లోరైడ్ గాఢత ÷ బయటి క్లోరైడ్ గాఢత)

రెండు గాఢతలనూ లీటరు నీటికి లెక్కించాలి. నిష్పత్తి 0.66 అనుకుంటే దాని లాగరిథమ్ −0.18. బయటి పీహెచ్ 7.40 అయితే కణాంతర పీహెచ్ 7.22 అవుతుంది. ప్రత్యక్ష కొలతను సరిచూసుకోవడానికి ఈ లెక్క ఉపయోగపడుతుంది. అయితే ఇది సమతాస్థితికే వర్తిస్తుంది. బ్యాండ్ 3ను నిరోధించే మందు వాడిన ప్రయోగంలోను, బైకార్బొనేట్ లేని ద్రావణంలో ఆమ్లాన్ని అప్పుడే కలిపిన సందర్భంలోను దీనిని వాడరాదు.

బయటి పీహెచ్ మారితే లోపలి పీహెచ్ కూడా మారుతుందని పై సమీకరణం స్పష్టం చేస్తుంది. కనుక కణాంతర పీహెచ్ కణానికి మాత్రమే చెందిన స్థిరమైన గుణం కాదు. కణం ఉన్న ద్రవంతో కలిపి చెప్పవలసిన విలువ అది.

నమూనా సేకరణ, వేరుపరచడం

కొలత పద్ధతి ఏదైనప్పటికీ, ఎక్కువ దోషాలు యంత్రం వద్దకు చేరకముందే ప్రవేశిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడడం ఆనవాయితీ. సిట్రేట్ ద్రావణాలు పీహెచ్‌ను, అయాన్ల సమతుల్యతను స్వయంగా మారుస్తాయి కనుక ఈ కొలతకు తగవు. సిరంజిలో గాలి బుడగ మిగలకుండా చూడాలి. తీసిన రక్తాన్ని మూత బిగించిన నాళికలో ఉంచాలి. మూత తెరచి ఉంచితే కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి పోయి పీహెచ్ పెరుగుతుంది.

కాలహరణం మరొక సమస్య. ఎర్ర రక్తకణానికి కేంద్రకం, మైటోకాండ్రియా లేవు. శక్తి కోసం అది గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చడంపైనే ఆధారపడుతుంది. 37 డిగ్రీల వద్ద లీటరు కణాలు గంటకు 2 నుంచి 3 మిల్లీమోల్‌ల లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేస్తాయి. రక్తరసం నుంచి వేరుపరచిన కణాల ముద్దను అదే ఉష్ణోగ్రత వద్ద గంటసేపు ఉంచితే, 50 మిల్లీమోల్‌ల బఫర్ సామర్థ్యాన్ని బట్టి, పీహెచ్ 0.04 నుంచి 0.06 వరకు పడిపోతుంది. రెండు సమూహాల మధ్య ఇంతటి తేడానే పరిశోధకుడు వెతుకుతున్నప్పుడు, ఒక సమూహం నమూనాలు బల్లమీద ఎక్కువసేపు ఉండడం తప్పుడు నిర్ధారణకు దారితీస్తుంది.

చల్లబరచడం ఈ క్రియను నెమ్మదింపజేస్తుంది. కాని ఉష్ణోగ్రతతో పీహెచ్, అయాన్ల సమతాస్థితి రెండూ మారే అవకాశం ఉంది. కణాలను రక్తరసం నుంచి వేరుపరచే పనిని అధ్యయనం చేయదలచిన ఉష్ణోగ్రత వద్దనే చేసి, ఆ తరువాత కణాలను వెంటనే ఘనీభవింపజేయడం మేలైన క్రమం. సెంట్రిఫ్యూజ్ ఉష్ణోగ్రతను కూడా ప్రయోగ వివరాలలో నమోదు చేయాలి.

ఘనీభవన–ద్రవీభవన పద్ధతి

ఇది సాధనాల అవసరం తక్కువగా ఉన్న పద్ధతి. మంచి పీహెచ్ మీటరు లేదా రక్తవాయు విశ్లేషణ యంత్రం ఉన్న ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా చేయవచ్చు. మూసిన నాళికలో రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన రక్తరసాన్ని, తెల్లకణాల పొరను తొలగిస్తారు. అడుగున గట్టిగా పేరుకున్న ఎర్ర కణాల ముద్దను డ్రై ఐస్ లేదా ద్రవ నైట్రోజన్ సహాయంతో ఘనీభవింపజేసి, తిరిగి కరిగిస్తారు. రెండు మూడు సార్లు ఇలా చేస్తే కణత్వచాలు పగిలి హీమోగ్లోబిన్ ద్రవం వెలువడుతుంది. ఆ ద్రవం పీహెచ్‌ను 37 డిగ్రీల వద్ద గాజు ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారు.

కాలేయ కణం వంటివాటిని ఇలా పగలగొడితే లైసోజోముల ఆమ్లద్రవం, మైటోకాండ్రియాలోని క్షారద్రవం కలిసిపోయి అర్థంలేని సగటు వస్తుంది. పరిపక్వ ఎర్ర రక్తకణంలో అటువంటి గదులు లేవు. లోపలి ద్రవం ఒక్కటే కావడం వల్ల ఈ మోటు పద్ధతి ఇక్కడ నమ్మదగినదిగా మారుతుంది.

కణాల మధ్య చిక్కుకున్న రక్తరసం గురించి సందేహం కలగడం సహజం. ముద్దలో 3 శాతం రక్తరసం మిగిలిందనుకుందాం. బైకార్బొనేట్‌ను మినహాయిస్తే లీటరు రక్తరసం బఫర్ సామర్థ్యం ఒక పీహెచ్ యూనిట్‌కు 10 మిల్లీమోల్‌లకు లోపే ఉంటుంది. 0.03 లీటరుకు, 0.2 యూనిట్ల తేడాకు లెక్కిస్తే 0.06 మిల్లీమోల్‌లు మించదు. దీనిని 50తో భాగిస్తే వచ్చే మార్పు సుమారు 0.001. అంటే చిక్కుకున్న రక్తరసం వల్ల కలిగే దోషం ఉపేక్షించదగినది.

ఉష్ణోగ్రత విషయంలో ఆ ఉదారత చెల్లదు. రక్తం పీహెచ్ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గినప్పుడు సుమారు 0.015 పెరుగుతుంది. పగిలిన కణాల ద్రవాన్ని 37కు బదులు 25 డిగ్రీల గది ఉష్ణోగ్రత వద్ద కొలిస్తే, ఇదే గుణకం ప్రకారం 12 డిగ్రీలకు 0.18 పెరుగుతుంది. కణానికీ రక్తరసానికీ మధ్య ఉన్న మొత్తం తేడా దాదాపు అంతే. కణాల పీహెచ్ రక్తరసంతో సమానమన్న విపరీత ఫలితం కేవలం నీటితొట్టి వాడకపోవడం వల్ల రావచ్చు. బఫర్ ప్రమాణ ద్రావణాలను కూడా అదే ఉష్ణోగ్రత వద్ద ఉంచి ఎలక్ట్రోడ్‌ను క్రమాంకనం చేయాలి.

ఆక్సిజన్ ప్రభావం ఇంకా సూక్ష్మమైనది. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను విడిచినప్పుడు హైడ్రోజన్ అయాన్లను స్వీకరిస్తుంది, ఆక్సిజన్‌ను తీసుకున్నప్పుడు వాటిని విడుస్తుంది. ఆక్సిజన్ అణువు ఒక్కింటికి సుమారు 0.5 హైడ్రోజన్ అయాను అనుకుంటే, లీటరు కణాలలోని 5 మిల్లీమోల్‌ల హీమోగ్లోబిన్ పూర్తిగా ఆక్సిజన్‌ను కోల్పోయినప్పుడు సుమారు 10 మిల్లీమోల్‌ల హైడ్రోజన్ అయాన్లను పట్టుకుంటుంది. మూసిన ద్రవంలో దీనివల్ల పీహెచ్ సుమారు 0.2 పెరగవచ్చు. 75 శాతం సంతృప్తత గల సిర రక్తపు కణాలను గాలిలో కరిగిస్తే అవి మిగిలిన ఆక్సిజన్‌ను పట్టుకుని పీహెచ్ సుమారు 0.05 తగ్గుతుంది. అదే సమయంలో కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. ఈ రెండు దోషాలు పరస్పరం రద్దయి చూడడానికి సరైన అంకె వెలువడే ప్రమాదం ఉంది. ఫలితం నమ్మదగినదిగా కనిపించడం కొలత సరైనదనడానికి రుజువు కాదు.

బలహీన ఆమ్లం పంపిణీ పద్ధతి

కణాలను పగలగొట్టకుండా లెక్కించే తొలి పద్ధతులలో విస్తృతంగా వాడుకలోకి వచ్చినది డీఎంఓ పద్ధతి. డైమిథైల్ ఆక్సజోలిడిన్‌డయోన్ అనే బలహీన ఆమ్లాన్ని వాడెల్, బట్లర్ 1959లో కుక్క కండరాలపై ఉపయోగించారు. ఈ ఆమ్లం పీకే విలువ 37 డిగ్రీల వద్ద సుమారు 6.13. ఆవేశం లేని రూపం పొరను సులభంగా దాటి రెండు వైపులా సమాన గాఢతకు చేరుతుంది. ఆవేశిత రూపం దాటలేదని భావిస్తారు. లోపల పీహెచ్ తక్కువైతే అక్కడ ఆవేశిత రూపం తక్కువగా ఏర్పడుతుంది. అందువల్ల మొత్తం డీఎంఓ లోపల తక్కువగా ఉంటుంది. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తించిన డీఎంఓను వాడి రెండు వైపులా గాఢతలను కొలిస్తే సూత్రం ఇది:

కణాంతర పీహెచ్ = పీకే + లాగ్ [నిష్పత్తి × (1 + 10 ఘాతం (బయటి పీహెచ్ − పీకే)) − 1]

ఇక్కడ నిష్పత్తి అంటే కణంలోని లీటరు నీటికి ఉన్న డీఎంఓను బయటి లీటరు నీటికి ఉన్న డీఎంఓతో భాగించగా వచ్చేది. బయటి పీహెచ్ 7.40, లోపలిది 7.20 అయితే ఈ నిష్పత్తి 0.65 రావాలి. కొలతలో 5 శాతం దోషం వచ్చి 0.68 అయినా ఫలితం 7.22 దగ్గరే ఉంటుంది. ఈ మాత్రం దోషాన్ని పద్ధతి భరించగలదు.

నీటి భాగాన్ని మరచిపోతే మాత్రం భరించలేదు. కణం ఘనపరిమాణంలో 70 శాతమే నీరు, రక్తరసంలో సుమారు 93 శాతం నీరు. నీటికి బదులు మొత్తం ఘనపరిమాణానికి గాఢతను లెక్కిస్తే నిష్పత్తి 0.65కు బదులు 0.49గా కనిపిస్తుంది. అప్పుడు సూత్రం 7.06 అనే విలువనిస్తుంది. అంటే 0.14 యూనిట్ల దోషం. కాబట్టి ప్రతి నమూనాలోను ముద్దను ఆరబెట్టి తూచడం ద్వారా గానీ, ట్రిటియం నీటితో గానీ కణజలాన్ని కొలవాలి. చిక్కుకున్న రక్తరసాన్ని ఇనులిన్ వంటి లోపలికి వెళ్లని పదార్థంతో అంచనా వేయాలి. ఘనీభవన పద్ధతిలో ఉపేక్షించగలిగిన చిక్కు రక్తరసం ఇక్కడ లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే డీఎంఓ గాఢతను కాపాడే బఫర్ ఏదీ ఉండదు.

ఫాస్ఫరస్ కేంద్రక అయస్కాంత అనునాదం

1925వ సంవత్సరం రక్త ఫాస్ఫేట్ల చరిత్రలో గుర్తించదగినది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు గాఢత ద్వారా కొలిచే పద్ధతిని ఆ ఏడాది ప్రకటించాడు. అదే ఏడాది ఐసిడోర్ గ్రీన్‌వాల్డ్ రక్తం నుంచి 2,3-డైఫాస్ఫోగ్లిసరేట్‌ను వేరుపరచాడు. హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ పట్ల ఉన్న ఆకర్షణను ఈ పదార్థం తగ్గిస్తుందని 1967లో తేలింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఫాస్ఫేట్ ఎంత ఉందో చెబుతుంది. ఫాస్ఫేట్ ఏ అయాను రూపంలో ఉందో తెలుసుకోవడానికి కేంద్రక అయస్కాంత అనునాదం అవసరమైంది.

ఫాస్ఫేట్ సమూహం హైడ్రోజన్ అయానును స్వీకరించినప్పుడు, విడిచినప్పుడు ఫాస్ఫరస్ కేంద్రకం అనునాద స్థానం జరుగుతుంది. ఎర్ర రక్తకణంలో లీటరుకు సుమారు 5 మిల్లీమోల్‌లు ఉండే 2,3-డైఫాస్ఫోగ్లిసరేట్ శిఖరాల స్థానాన్ని బట్టి కణాంతర పీహెచ్‌ను నిర్ణయించవచ్చని మూన్, రిచర్డ్స్ 1973లో చూపారు. కణాలకు హాని లేకుండా, అదే నమూనాలో కాలక్రమేణా వచ్చే మార్పును గమనించగలగడం ఈ పద్ధతి బలం.

దీని బలహీనత కూడా హీమోగ్లోబిన్ నుంచే వస్తుంది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రానికి ఆకర్షితమవుతుందని, ఆక్సిజన్‌తో కూడినది ఆకర్షితం కాదని పౌలింగ్, కోర్యెల్ 1936లో నిరూపించారు. కనుక సంతృప్తత మారితే పీహెచ్ మారకపోయినా శిఖరం జరుగుతుంది. దీనికి తోడు 2,3-డైఫాస్ఫోగ్లిసరేట్ ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్‌కు గట్టిగా అంటుకుంటుంది. బంధితమైనప్పుడు దాని అనునాద స్థానం వేరు. ఒక్క శిఖరం స్థానాన్ని కాక, అదే కణంలోని రెండు శిఖరాల మధ్య దూరాన్ని కొలవడం, సంతృప్తతకు తగిన క్రమాంకన రేఖను విడిగా గీయడం దీనికి పరిష్కారం. మిథైల్ ఫాస్ఫోనేట్ వంటి బాహ్య సూచకాలను కణాలలోకి పంపి వాడిన అధ్యయనాలు కూడా ఉన్నాయి.

ప్రతిదీప్తి రంజకాలు

రింక్, త్సియెన్, పొజాన్ 1982లో పరిచయం చేసిన బీసీఈసీఎఫ్ రంజకం కణాంతర పీహెచ్ పరిశోధనలో విస్తృతంగా వ్యాపించింది. దీని పీకే సుమారు 7.0 కావడం కణాంతర పీహెచ్ పరిధికి అనుకూలం. ఎస్టర్ రూపంలో కణంలోకి ప్రవేశించిన రంజకాన్ని లోపలి ఎంజైములు ఛేదించి ఆవేశిత రూపంగా మారుస్తాయి. అది బయటికి పోలేదు. 490, 440 నానోమీటర్ల కాంతితో వరుసగా ఉత్తేజపరచి, సుమారు 530 నానోమీటర్ల వద్ద వెలువడే కాంతుల నిష్పత్తిని తీసుకుంటే రంజకం పరిమాణంతో నిమిత్తం లేకుండా పీహెచ్ తెలుస్తుంది.

ఇతర కణాలకు చక్కగా పనికివచ్చే ఈ రంజకం ఎర్ర రక్తకణంలో మూడు చిక్కులను ఎదుర్కొంటుంది. మొదటిది కాంతి శోషణ. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో ఉన్నప్పుడు 415 నానోమీటర్ల వద్ద, లేనప్పుడు 430 నానోమీటర్ల వద్ద కాంతిని తీవ్రంగా శోషిస్తుంది. 430 అనేది 440కి అతిసమీపం. కణం ఆక్సిజన్‌ను కోల్పోగానే 440 నానోమీటర్ల కాంతి రంజకానికి తక్కువగా చేరి, నిష్పత్తి మారి, లేని పీహెచ్ పెరుగుదల కనిపిస్తుంది. రెండవది ఎస్టర్ ఛేదనలో వెలువడే ఫార్మాల్డిహైడ్. ఇది గ్లూకోజ్ విచ్ఛిన్నాన్ని అడ్డుకుని కణంలోని ఏటీపీని క్షీణింపజేస్తుంది. ద్రావణంలో పైరువేట్ చేర్చడం దీనికి విరుగుడు. మూడవది క్రమాంకనం. నైజరిసిన్ అనే అయానువాహకం పొటాషియం, హైడ్రోజన్ అయాన్లను మారుస్తుంది. బయటి పొటాషియంను లోపలి పొటాషియంతో సమానం చేస్తే లోపలి, బయటి పీహెచ్‌లు సమానం కావాలి. కాని ఎర్ర రక్తకణంలో బ్యాండ్ 3 ద్వారా జరిగే బైకార్బొనేట్ వినిమయం పీహెచ్‌ను డోనాన్ సమతాస్థితివైపు లాగుతుంది. కాబట్టి క్రమాంకన సమయంలో ద్రావణాల నుంచి బైకార్బొనేట్‌ను తొలగించి, డిడ్స్ వంటి నిరోధకంతో బ్యాండ్ 3ను ఆపాలి.

ఇన్ని చిక్కులున్నా ఈ పద్ధతికి ఒక ప్రత్యేకత ఉంది. ఫ్లో సైటోమెట్రీతో కలిపి వాడితే విడివిడి కణాల విలువలు లభిస్తాయి. మిగిలిన మూడు పద్ధతులు కోట్లాది కణాల సగటునే ఇస్తాయి.

ఈ కొలత అవసరమయ్యే సందర్భాలు

నిల్వ రక్తం ఇందుకు ముఖ్య ఉదాహరణ. ఎస్‌ఏజీఎం ద్రావణంలో ఎర్ర కణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య 42 రోజుల వరకు నిల్వ చేస్తారు. సంచిలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని పీహెచ్ క్రమంగా పడిపోతుంది. కణాంతర పీహెచ్ తగ్గినకొద్దీ 2,3-డైఫాస్ఫోగ్లిసరేట్‌ను తయారుచేసే చర్య మందగించి, విచ్ఛిన్నం చేసే చర్య పెరుగుతుంది. దాదాపు రెండు వారాలలోనే ఈ పదార్థం చాలావరకు అంతరించిపోతుంది. అటువంటి కణాలు ఆక్సిజన్‌ను తీసుకున్నా కణజాలానికి అంత తేలికగా ఇవ్వవు. రోగి శరీరంలోకి ఎక్కించిన తరువాత ఒకటి నుంచి మూడు రోజులలో ఇది పునరుద్ధరింపబడుతుంది. అయితే తీవ్ర రక్తస్రావంలో రోగికి ఆక్సిజన్ అవసరమయ్యేది ఆ తొలి గంటలలోనే. అందువల్ల కొత్త నిల్వ ద్రావణాన్ని పరీక్షించేటప్పుడు సంచిలోని ద్రవం పీహెచ్‌తో సరిపెట్టుకోకుండా కణాంతర పీహెచ్‌ను కొలవవలసి ఉంటుంది.

ఇక్కడే ఉష్ణోగ్రత ప్రశ్న తిరిగి ఎదురవుతుంది. 4 డిగ్రీల వద్ద కొలిచిన విలువ 37 డిగ్రీల వద్ద కొలిచిన విలువ కన్నా సుమారు 0.5 ఎక్కువగా ఉంటుంది. ఒక అధ్యయనం 7.0 అని, మరొకటి 6.5 అని చెప్పినంత మాత్రాన వాటి మధ్య వైరుధ్యం ఉన్నట్లు కాదు. ఉష్ణోగ్రత రాయకపోతే ఆ సంగతి తేల్చే మార్గమే ఉండదు.

రెండవ ఉదాహరణ సికిల్ సెల్ వ్యాధి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఆదివాసీ ప్రాంతాలలో ఇది ముఖ్యమైన ఆరోగ్య సమస్య. కణాంతర పీహెచ్ తగ్గితే హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ పట్ల ఆకర్షణ తగ్గి, ఆక్సిజన్ లేని సికిల్ హీమోగ్లోబిన్ పెరిగి, అది పోగులుగా పేరుకోవడానికి దోహదం కలుగుతుంది. ఆమ్లత్వం పొటాషియం–క్లోరైడ్ వాహకాన్ని కూడా ప్రేరేపించడం వల్ల కణం లవణాన్ని, దానితోపాటు నీటిని కోల్పోయి మరింత చిక్కబడుతుంది. ఇటువంటి రక్తంలో తేలిక కణాలు, సాంద్ర కణాలు కలిసి ఉంటాయి. హీమోగ్లోబిన్ గాఢత వేరైన చోట డోనాన్ నిష్పత్తి, నీటి శాతం కూడా వేరే. మొత్తం రక్తానికి ఒక్క సగటు విలువ తీసుకోవడం, అందరికీ ఒకే నీటి శాతాన్ని వాడడం ఇక్కడ ప్రమాదకరం. సాంద్రతను బట్టి కణాలను విభజించి, ఒక్కొక్క భాగాన్ని విడిగా కొలవడం ఉచితం.

పద్ధతి ఎంపిక, ఫలితాల నివేదన

స్థిరస్థితిలోని సగటు విలువ చాలుననుకున్నప్పుడు, సాధనాలు పరిమితంగా ఉన్నప్పుడు ఘనీభవన–ద్రవీభవన పద్ధతి సరిపోతుంది. కణాలను పగలగొట్టకుండా స్వతంత్రమైన నిర్ధారణ కావాలంటే డీఎంఓ పంపిణీ తోడ్పడుతుంది. కాలంతో వచ్చే మార్పుకు కేంద్రక అయస్కాంత అనునాదం, విడివిడి కణాల వైవిధ్యానికి ప్రతిదీప్తి తగినవి. ఒకే నమూనాను భిన్న సూత్రాలపై ఆధారపడిన రెండు పద్ధతులతో కొలిచి, వాటిని క్లోరైడ్ నిష్పత్తి లెక్కతో సరిచూడడం విశ్వసనీయతను పెంచుతుంది. రెండు పద్ధతులలోను దోషాలు ప్రవేశించే దారులు వేరు కనుక, వాటి ఏకీభావానికి విలువ ఉంటుంది.

సిద్ధాంత వ్యాసంలో గానీ పత్రంలో గానీ కణాంతర పీహెచ్‌ను ప్రకటించేటప్పుడు ఈ వివరాలు తప్పక ఉండాలి: వాడిన రక్తస్కందన నిరోధకం, సేకరణ నుంచి కొలతకు పట్టిన సమయం, కణాలను వేరుపరచిన ఉష్ణోగ్రత, పీహెచ్ కొలిచిన ఉష్ణోగ్రత, ఆక్సిజన్ సంతృప్తత, కార్బన్ డై ఆక్సైడ్ పీడనం, బయటి ద్రవం పీహెచ్, హెమటోక్రిట్, లెక్కలో వాడిన కణజల శాతం, క్రమాంకన విధానం.

ఉపసంహారం

ఎర్ర రక్తకణం నిర్మాణం సరళమైనది. కేంద్రకం లేదు, లోపలి గదులు లేవు, బఫర్ దాదాపు ఒకే ప్రోటీన్‌ది. అయినా దాని పీహెచ్‌ను కొలవడం సులభం కాకపోవడానికి కారణం కూడా ఆ ప్రోటీనే. హీమోగ్లోబిన్ బఫర్‌గా పనిచేసి ఘనీభవన పద్ధతిని నమ్మదగినదిగా చేస్తుంది. అదే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో పాటు హైడ్రోజన్ అయాన్లను మార్చుకుని, అయస్కాంత క్షేత్రాన్ని కదిలించి, కాంతిని శోషించి మిగిలిన కొలతలను తారుమారు చేస్తుంది. కణానికీ రక్తరసానికీ మధ్య తేడా 0.2 యూనిట్లు మాత్రమే. 12 డిగ్రీల ఉష్ణోగ్రత తేడా గానీ, ఆక్సిజన్ సంతృప్తతలో పూర్తి మార్పు గానీ దాదాపు అంతే మార్పును తేగలవని పై లెక్కలు చూపుతున్నాయి. కాబట్టి కణాంతర పీహెచ్ విలువతోపాటు దానిని కొలిచిన పరిస్థితులను కూడా నమోదు చేసినప్పుడే ఆ విలువ ఇతర పరిశోధకులకు ఉపయోగపడుతుంది.